అద్దె తక్కువని శివారుకి వెళ్తే నిజంగా మిగులుతుందా? బస్సులు, మెట్రోలు, నిలవని ఇళ్ల మీద చర్చ

మేఘన_ప్లానింగ్
అందరికీ నమస్కారం. నగర ప్రణాళిక చదువుతున్నాను. మాకు ఇళ్ల పాఠం ఒకరు చెబుతారు, రవాణా పాఠం ఇంకొకరు చెబుతారు. ఒకరి సంగతి ఇంకొకరు ఎత్తరు. కానీ ప్రాజెక్టు పని మీద, అద్దె కట్టలేక ఇల్లు మారిన కుటుంబాలతో మాట్లాడితే మాట తిరిగి తిరిగి బస్సు మీదకే వచ్చింది. "అక్కడ అద్దె తక్కువేనమ్మా, మిగిలిందంతా రాకపోకలకే సరిపోయింది" అని ఒకరు. "బస్సు తీసేశాక పని మానేశాను, ఆ తర్వాత ఇల్లూ వదిలేశాం" అని ఇంకొకరు.

ఇంటి అభద్రత అంటే రోడ్డున పడటం ఒక్కటే కాదని నా ఉద్దేశం. వచ్చే నెల ఈ ఇంట్లో ఉంటామో లేదో తెలియకపోవడం, అద్దె కోసం మందులు వాయిదా వేసుకోవడం, ఏటా సామాను సర్దుకోవడం, అన్నయ్య వాళ్ల హాల్లో పరుపు వేసుకుని రోజులు నెట్టడం, ఇవన్నీ అందులోవే. మీ అనుభవాలు, మీరు చదివినవి చెప్పండి.

లెక్కల_రావు
ముందు ఆ "ఆదాయంలో 30 శాతం" సంగతి తేలుద్దాం. అద్దె అంతకు మించకపోతే భరించగలిగినట్టేనని ప్రతి నివేదికలోనూ రాస్తారు. అదేమీ శాస్త్రం తేల్చిన సంఖ్య కాదు. అమెరికాలో 1969లో సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ తెచ్చిన సవరణ, ప్రభుత్వ గృహాల్లో అద్దె ఆదాయంలో 25 శాతం దాటకూడదంది. 1981లో దాన్ని 30 చేశారు. అప్పటి నుంచి అదే కొలబద్ద అయి కూర్చుంది. అందులో ప్రయాణం ఖర్చు ఊసే లేదు.

షికాగోలోని సెంటర్ ఫర్ నెయిబర్‌హుడ్ టెక్నాలజీ అనే సంస్థ అద్దెనీ ప్రయాణాన్నీ కలిపి లెక్కేయడం మొదలుపెట్టింది. రెండూ కలిసి ఆదాయంలో 45 శాతం లోపు ఉండాలన్నది వాళ్ల గీత. అలా చూస్తే, చవకగా కనిపించిన శివారు ప్రాంతాలు చాలావరకు ఖరీదైన జాబితాలోకి వెళ్లిపోతాయి. బస్సు లేని చోట బండి కొనక తప్పదు కదా. వాయిదాలు, పెట్రోలు, రిపేర్లు. అద్దె తగ్గిందని సంతోషించే లోపే అప్పు మొదలు.

నైట్‌డ్యూటీ
నాకు శాతాలు తెలియవు, నా సంగతి చెబుతాను. ఒక ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ చేసేదాన్ని. మధ్యాహ్నం షిఫ్టు రాత్రి పదికి అయిపోతుంది, కాగితం మీద. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి, బకెట్లూ మాప్‌లూ లెక్క చూసుకుని, రిజిస్టర్‌లో సంతకం పెట్టేదాకా కదలడానికి లేదు. మా వైపు చివరి బస్సు పది దాటిన కాసేపటికే. యూనిఫాం మీదే, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తేదాన్ని. బస్సు వెళ్లిపోయిందా, ఇక ఆటోనే. ఆ టైములో వాళ్లు చెప్పిందే రేటు. ఆ పూట కష్టంలో పెద్ద ముక్క దానికే పోయేది.

నెలాఖరుకి అద్దెలో ఆ మేరకు తగ్గేది. మొదటిసారి ఓనరు ఏమీ అనలేదు. తర్వాత అడ్వాన్సులో కోసుకుంటానన్నాడు. అడ్వాన్సు అయిపోయాక ఖాళీ చేయమన్నాడు. మధ్యలో అద్దె పెంచలేదు, నా జీతమూ తగ్గలేదు. మరి ఇల్లు ఎందుకు పోయిందంటే ఏం చెప్పను?

ఓనర్_వైపు
నైట్‌డ్యూటీ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ప్రతిసారీ ఓనరే విలన్ అన్నట్టు మాట్లాడితే ఎలా? నేనూ బ్యాంకు లోన్ మీద కట్టుకున్నవాణ్నే. నాకు రెండు పోర్షన్లు ఉన్నాయి. ఒకటి స్టేషన్‌కి దగ్గర, ఇంకొకటి దూరం. దగ్గరున్న దానికి బోర్డు పెట్టిన రోజే జనం వస్తారు. ముగ్గురు వచ్చి నిలబడితే ఎక్కువ ఇచ్చేవాళ్లకే ఇస్తాం, ఎవరైనా అంతే. స్టేషన్ నేను కట్టలేదు, రేటు నేను పెట్టలేదు.

కిటికీపక్క_సీటు
"స్టేషన్ నేను కట్టలేదు" అన్నారు చూశారా, అసలు కిటుకు అక్కడే ఉంది సార్. కట్టింది జనం పన్నుతో. పెరిగిన విలువ చేరింది మీ గోడలకి. దాని మీద తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం.

ఈలోగా నైట్‌డ్యూటీ అక్క చెప్పినదాంట్లో అందరూ వదిలేసేది ఒకటుంది. ఆమె ఇంటి దగ్గర స్టాపు ఉంది. మ్యాపులో చూస్తే "రవాణా అందుబాటులో ఉంది" అనే వస్తుంది. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో కొలతే అలా ఉంటుంది. బస్సు స్టాపు 500 మీటర్లలో, రైలు స్టేషన్ కిలోమీటరులో ఉంటే అందుబాటు కింద లెక్క. ఆ స్టాపులో బస్సు ఎప్పుడొస్తుంది, రాత్రి ఎప్పుడు ఆగిపోతుంది అన్నది ఆ దూరం లెక్కలో కనపడదు.

పది నిమిషాలకో బస్సు ఉంటే సగటున ఐదు నిమిషాలు నిలబడతాం. నలభై నిమిషాలకోటి ఉంటే ఇరవై. మధ్యలో ఇంకో బస్సు మారాలంటే అది రెట్టింపు. ఇదంతా బస్సులు టైముకి తిరిగితేనే. ఒక్కటి రద్దయితే నలభై నిమిషాలు ఆలస్యం, గేటు దగ్గర లేట్ మార్క్, మూడు లేట్లకి సగం రోజు జీతం కోత. ఆఫీసు ఉద్యోగి అయితే "ట్రాఫిక్ సార్" అని మెసేజ్ పెడతాడు. గంటల లెక్కన పనిచేసేవాళ్లకి ఆ సౌకర్యం ఎక్కడిది? అందుకే కిలోమీటర్ల కంటే బస్సు ఎంతసేపటికోసారి వస్తుందన్నదే నా దృష్టిలో ముఖ్యం. దూరంగా ఉన్నా ఫర్వాలేదు, బస్సు నమ్మకంగా ఉండాలి.

లెక్కల_రావు
ఒప్పుకుంటాను, ఒక చిన్న మెలికతో. అలా నమ్మకంగా బస్సు వచ్చే చోట అద్దె కూడా పెరుగుతుంది. మంచి రవాణా ఎక్కడుంటే డబ్బున్నవాళ్లు అక్కడికి చేరతారు, అవసరమున్నవాళ్లు బయటికి పోతారు.

కిటికీపక్క_సీటు
మెట్రోకి చెప్పినంత గట్టిగా బస్సుకి చెప్పలేం రావు గారూ. పట్టాలు వేస్తే అవి అక్కడే ఉంటాయని బిల్డర్‌కి నమ్మకం. బస్సు రూటు రేపు మారిపోవచ్చు. కాబట్టి దాన్ని చూసి స్థలాల మీద అంతగా ఎగబడరు. అదే బస్సుకున్న బలహీనత, అద్దెకుండేవాళ్ల వైపు నుంచి చూస్తే అదే బలం.

నల్లకోటు
లాయర్‌ని. ఇళ్లు ఖాళీ చేయించే కేసులు చూస్తుంటాను. రవాణాకీ ఇంటికీ ఉన్న సంబంధం జీతం దగ్గరే ఆగిపోదు. కోర్టు దాకా వస్తుంది.

ఈ కేసుల్లో చాలా తీర్పులు వాదనలు విని ఇచ్చినవి కావు. అద్దెకున్న మనిషి వాయిదాకి రాకపోతే ఓనరు చెప్పిందే నిజమని తీర్పు అయిపోతుంది. రాకపోవడానికి కారణం నిర్లక్ష్యమని అందరూ అనుకుంటారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 2005 నుంచి 2021 దాకా నడిచిన సుమారు రెండు లక్షల కేసులు తీసుకుని పరిశోధకులు ఒక సంగతి చూశారు: ఆ ఇంటి నుంచి బస్సూ రైలూ పట్టుకుని కోర్టుకి రావడానికి ఎంతసేపు పడుతుంది? ప్రయాణం ఒక గంట పెరిగితే, మనిషి రాక ఓడిపోయే అవకాశం 3.8 నుంచి 8.6 శాతం పాయింట్ల వరకు పెరిగింది. అందరూ ఇరవై నిమిషాల్లో కోర్టుకి చేరగలిగి ఉంటే, ఆ కాలంలో 4,000 నుంచి 9,000 వరకు ఏకపక్ష తీర్పులు తగ్గేవని వాళ్ల అంచనా.

ఉదయం పూట కోర్టు వరండాలో నిలబడితే ఇది కళ్లతో చూడొచ్చు. పేరు పిలుస్తారు. రెండోసారి పిలుస్తారు. అవతలి లాయరు ఫైలు ముడి వేసుకుని వెళ్లిపోతాడు. కాసేపటికి చంకలో పాపతో, చేతిలో నలిగిన నోటీసుతో ఒకావిడ మెట్లెక్కి వచ్చి "నా పేరు పిలిచారా బాబూ" అని అడుగుతుంది. అప్పటికే అయిపోయింది. మళ్లీ తెరిపించాలంటే ఇంకో దరఖాస్తు, ఇంకో సెలవు, ఇంకో రెండు బస్సులు.

లెక్కల_రావు
నల్లకోటు గారూ, తప్పుగా అనుకోవద్దు. కోర్టుకి దూరంగా ఉండేవాళ్లు వేరే రకంగా కూడా ఇబ్బందుల్లో ఉండి ఉండొచ్చు కదా? పేదరికం ఎక్కువ, చదువు తక్కువ, ఓనర్లు మొండివాళ్లు. దూరాన్ని ఒక్కదాన్నే దోషిగా ఎలా నిలబెడతాం?

నల్లకోటు
మంచి ప్రశ్న, వాళ్లూ అదే వేసుకున్నారు. మ్యాపు మీద నేరుగా గీత గీసి కొలిచిన దూరాన్నీ, ఓనర్ల తేడాలనీ, వారాంతపు ప్రయాణ సమయాన్నీ లెక్కలోకి తీసుకున్నా ఫలితం నిలబడింది. అంతకంటే గట్టి రుజువులు రెండున్నాయి. ప్రభుత్వ గృహాల కేసుల్లో ఈ ప్రభావం కనిపించలేదు, ఎందుకంటే అక్కడ సమయం నిబంధనలు బాగా సడలింపుగా ఉంటాయి. కోవిడ్ కాలంలో ఫోన్‌లోనో వీడియోలోనో హాజరు కావచ్చన్నారు, అప్పుడూ కనిపించలేదు. మనుషులు వాళ్లే, పేదరికం అదే. బస్సు అవసరం లేకపోయేసరికి తేడా పోయింది.

లెక్కల_రావు
ఇక నేను వాదించను. ఇది గట్టిదే.

సందుచివర
కొత్తగా చేరాను. ఒక చిన్న అనుమానం. ప్రభుత్వం శివారులో స్థలాలు తీసుకుని లక్షల ఇళ్లు కట్టి ఇస్తే సగం సమస్య తీరదా? స్థలం అక్కడ చవక కదా.

మేఘన_ప్లానింగ్
సందుచివర గారూ, మెక్సికో అదే చేసింది. 2000 తర్వాత నగరాలకి దూరంగా వరసల వరసల ఇళ్లు, ఇన్ఫోనావిట్ అనే జాతీయ గృహ నిధి రుణాలతో. కాగితం మీద అద్భుతం. 2010 జనాభా లెక్కల్లో చూస్తే దేశం మొత్తం మీద 50 లక్షల దాకా ఇళ్లలో మనుషులే లేరు. అన్నీ ఈ కాలనీలవి కావు, కారణాల్లో నేరాలూ, నీటి ఎద్దడీ కూడా ఉన్నాయి. కానీ ఈ శివారు కాలనీల నుంచి జనం వెళ్లిపోవడానికి పెద్ద కారణాల్లో దూరం ఒకటి. పని నగరంలో, ఇల్లు ఎక్కడో. రుణం తీర్చాలా, రోజూ రానూపోనూ ఛార్జీలు పెట్టుకోవాలా? సొంత ఇంటికి తాళం వేసి మళ్లీ నగరంలో అద్దె గదికి చేరారు.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లినది చిలీలోని ఇకీకే నగరంలో కింటా మొన్‌రాయ్ అనే కాలనీ. నగరం నడిబొడ్డున ఆక్రమిత స్థలంలో ఏళ్ల తరబడి ఉన్న సుమారు వంద కుటుంబాలని ఊరవతలికి పంపకుండా అక్కడే ఇళ్లు కట్టారు. మామూలుగా ప్రభుత్వ గృహాలకి పెట్టే దానికంటే స్థలం మూడింతలు ఖరీదు. డబ్బంతా దానికే పోయింది. అందుకని ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవేనా బృందం 2004లో సగం ఇల్లే కట్టి ఇచ్చింది. గోడలు, కప్పు, వంటగది, బాత్రూం. పక్కన ఖాళీ వదిలేసి, మిగతా సగం మీరే నిదానంగా కట్టుకోండన్నారు. పనికి దగ్గరలో సగం ఇల్లా, దూరంగా పూర్తి ఇల్లా అంటే మొదటిదే నయమని వాళ్ల లెక్క. నాకైతే ఇందులో పెద్ద తెలివి కనిపిస్తుంది. సగం ఇంటిని జనం నెత్తిన రుద్దారని తిట్టేవాళ్లూ ఉన్నారు, అదీ కొట్టిపారేయలేం.

ఓనర్_వైపు
సరే, అయితే మెట్రో వద్దంటారా? వేస్తే అద్దెలు పెరుగుతాయని గోల, వేయకపోతే దూరమని గోల. ముందు నుయ్యి వెనక గొయ్యి.

కిటికీపక్క_సీటు
వేయాలి సార్, వరస మార్చి వేయాలి. లైను ప్రకటించాక స్థలాలు కొంటే ఆలస్యమైపోయినట్టే. పేపర్లో మ్యాపు పడిన రోజే రేట్లు లేస్తాయి, పట్టాలు పడేది తర్వాతెప్పుడో.

కొలంబియా రాజధాని బొగోటా, తమకే కేటాయించిన దారిలో తిరిగే ట్రాన్స్‌మిలేనియో బస్సులు 2000లో మొదలుపెట్టింది. దాంతోపాటే మెట్రోవివియెండా అనే ప్రభుత్వ సంస్థ పెట్టి, లైను వెళ్లబోయే వైపు స్థలాలని రేటు పెరగకముందే కొని, తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకి కేటాయించే పని చేసింది. ఉన్న అవసరానికి అది చాలలేదు. కానీ వరస సరైనది. వియన్నాలో ఆస్పెర్న్ సేస్టాట్ అనే కొత్త పేట కట్టారు. యూ2 మెట్రో అక్కడికి 2013 అక్టోబరులో చేరింది. మొదటి కుటుంబాలు దిగింది 2014లో. రైలు ముందు, జనం తర్వాత! అసలు ఆ నగరంలో మున్సిపాలిటీకే సుమారు 2,20,000 అద్దె ఇళ్లున్నాయి కాబట్టి స్టేషన్ వచ్చినంత మాత్రాన వాటి అద్దెలు ఎగిరిపోవు. అది లేని నగరం ఒక్క రైలునే కాపీ కొడితే అదే ఫలితం రాదు.

హాంకాంగ్ సంగతి ఇంకో రకం. రైలు లేనప్పటి రేటుకి లెక్కగట్టి, స్టేషన్ల మీదా పక్కనా కట్టుకునే హక్కు ప్రభుత్వం రైలు కంపెనీకే ఇస్తుంది. పెరిగిన విలువలో వాటా కంపెనీకి వచ్చి పట్టాల ఖర్చు తేలుతుంది. రైలుకి డబ్బు దొరికింది, ఇళ్లు మాత్రం చవక కాలేదు. ఆ నగరంలో అద్దెల సంగతి అందరికీ తెలిసిందే. అంటే పెరిగిన విలువని రాబట్టడం ఒక పని, దాన్ని ఎవరికి ఖర్చు పెడతామన్నది వేరే పని.

ఓనర్_వైపు
పెరిగిన విలువలో ప్రభుత్వానికి వాటా అంటే నా ఇంటి మీద ఇంకో పన్ను అన్నమాట. అది నేను ఎవరి మీద వేస్తాను? అద్దెకున్నవాళ్ల మీదే. ఇది దాచుకోకుండా చెబుతున్నాను.

నల్లకోటు
ఆ భయంలో కొంత నిజం ఉంది. అయితే మీరు ముందు చెప్పినట్టు అద్దె జనం ఎంత ఇస్తారో దాన్ని బట్టే నడుస్తుంది, మీ ఖర్చుని బట్టి కాదు. ఇంకొంచెం వస్తుందంటే ఇప్పటికే అడిగేవారు కదా సార్?

మోడరేటర్
పన్నుల మీద వేరే చర్చ ఇప్పటికే నడుస్తోంది. ఇక్కడ ఇళ్లూ బస్సులూ చాలు, ప్లీజ్.

మేఘన_ప్లానింగ్
టికెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2019 అక్టోబరులో చిలీ రాజధాని సాంటియాగోలో మెట్రో రద్దీ వేళ ఛార్జీ 30 పెసోలు పెంచింది. విద్యార్థులు టికెట్ లేకుండా గేట్లు దూకడంతో మొదలై దేశమంతా రోడ్ల మీదకొచ్చింది. 30 పెసోలకా ఇంత గొడవ అనుకున్నారు చాలామంది. "30 పెసోలు కాదు, 30 ఏళ్లు" అన్నది అప్పటి నినాదం, అంటే కోపం ఏళ్ల తరబడి పేరుకున్నదని. నెల బడ్జెట్‌లో అద్దె, తిండి, ఛార్జీ పోగా ఏమీ మిగలని ఇంటికి చిన్న పెంపు అనేది ఉండదు.

బ్రెజిల్‌లో 1985 చట్టంతో వచ్చిన "వాలే ట్రాన్స్‌పోర్ట్" నాకు నచ్చుతుంది. ఉద్యోగి మూల వేతనంలో 6 శాతం వరకే రాకపోకలకి పెట్టుకుంటాడు, ఆపైన పడేది యజమాని భరించాలి. ఫ్రాన్స్‌లో నెలవారీ పాసులో సగం యజమాని తిరిగి ఇవ్వాలి.

నైట్‌డ్యూటీ
పర్మినెంట్ వాళ్లకేనా, కాంట్రాక్టు వాళ్లకి కూడానా?

మేఘన_ప్లానింగ్
సరిగ్గా అక్కడే పట్టుకున్నారు అక్కా. బ్రెజిల్‌ది నమోదైన ఉద్యోగాలకి. రోజుకూలీకీ, ఇళ్లలో లెక్కాపత్రం లేకుండా చేసేవాళ్లకీ అందడం కష్టం. అందరికీ ఉచితం చేస్తే ఆ గొడవే ఉండదని లక్సెంబర్గ్ 2020లో దేశమంతా బస్సూ, ట్రామూ, రైలూ ఉచితం చేసేసింది. ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013 నుంచే చేసింది గానీ, నగరంలో చిరునామా నమోదు ఉన్నవాళ్లకి. ఇలాంటి షరతు ఎక్కడ పెట్టినా నాకు ఒకటే భయం. ఏటా ఇల్లు మారే మనిషి దగ్గరే చిరునామా కాగితం ఉండదు.

సందుచివర
ఇల్లు పోయినవాళ్లకి రైలే ఇల్లయిన సంగతి కూడా చెప్పుకోవాలి. న్యూయార్క్ సబ్‌వే రాత్రింబవళ్లు నడుస్తుంది. కోవిడ్‌లో శుభ్రం చేయడానికని 2020 మే 6 నుంచి రాత్రి ఒంటి గంట నుంచి ఐదు దాకా మూసేశారు. ఆ వేళ పెట్టెల్లో పడుకునేవాళ్లని దింపేశారు. మళ్లీ రాత్రంతా నడపడం 2021 మే 17న. ఆ ఏడాది పాటు ఇబ్బంది పడింది వాళ్లొక్కరే కాదు, తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లే ఆసుపత్రి వాళ్లు, వంటవాళ్లు కూడా. రాత్రి బస్సులు పెంచారనుకోండి, కానీ రైలు రైలే.

నైట్‌డ్యూటీ
రాత్రి బండ్లు తీసేసేటప్పుడు "జనం ఎక్కట్లేదు" అంటారు. ఎక్కేది పదిమందే, నిజమే. ఆ పదిమందికి ఇంకో దారి లేదు. పగటి బస్సులో నిలబడటానికి చోటు లేకపోయినా వాళ్లలో చాలామందికి సొంత బండి ఉంటుంది.

ఇల్లు వెతుక్కునేవాళ్లకి ఒక మాట. ఆదివారం పూట ఓనరు ఖాళీగా ఉన్నాడని వెళ్లి ఇల్లు చూసి అడ్వాన్సు ఇవ్వొద్దు. మీ డ్యూటీ దిగే టైముకి ఆ స్టాపులో ఒకసారి నిలబడి చూడండి. టైము బోర్డుని నమ్మొద్దు, అక్కడ రోజూ ఎక్కేవాళ్లని అడగండి. ఏ బండి వారానికి రెండుసార్లు ఎగ్గొడుతుందో వాళ్లకి కంఠతా ఉంటుంది.

ఓనర్_వైపు
ఇది మాత్రం నేనూ అందరికీ చెబుతాను. బస్సు బాగుంటే అద్దెకొచ్చినవాళ్లు మధ్యలో వదిలి వెళ్లరు. నాకూ ప్రతిసారీ రంగులు వేయించే ఖర్చు తప్పుతుంది. దూరం పోర్షన్‌లో రాత్రి బస్సు ఆపేశాక ఇద్దరు మారారు.

నల్లకోటు గారూ, ఒకటి అడగాలి. నా దగ్గర ఉన్న అబ్బాయికి వేరే విషయంలో కోర్టు నోటీసు వచ్చింది. బస్సు దొరక్క వెళ్లలేకపోతే ఏం చేయాలి? వీడియోలో హాజరు కావచ్చా?

నల్లకోటు
చాలా కోర్టుల్లో ఇప్పుడు వీలుంది, కానీ దానంతట అది రాదు, అడగాలి. వాయిదా రోజు ఉదయం కాదు, ముందుగానే, రాతపూర్వకంగా. నోటీసు మీద కేసు నంబరు, కోర్టు హాలు నంబరు ఉంటాయి. అవి రాసి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోమనండి. దారిలో ఉండగా ఆలస్యమైతే అక్కడి నుంచే కోర్టు ఆఫీసుకి ఫోన్ చేసి, ఎవరితో మాట్లాడారో, ఎన్నింటికో రాసి పెట్టుకోవాలి. బస్సు టికెట్ పారేయొద్దని చెప్పండి. మీద టైము ఉంటుంది, తీర్పు మళ్లీ తెరిపించాల్సి వస్తే దాన్నే దరఖాస్తుకి జతచేయొచ్చు.